కోర్టు మెట్ల మీద దేవుడు

పిట్స్‌బర్గ్‌లో మా ఆఫీసుకు దగ్గర్లోనే అల్లెగేనీ కౌంటీ కోర్టు ఉంది. 1888 నాటి రాతి కట్టడం. 1980ల్లో ఏటా క్రిస్మస్‌కి లోపలి పెద్ద మెట్ల మీద బాలయేసు పశువులపాక వెలిసేది. బొమ్మలు ఒక క్యాథలిక్ సంఘానివి, చోటు మాత్రం సర్కారుది. పాక పైన దేవదూత చేతిలో దేవుణ్ణి కీర్తించే లాటిన్ పట్టీ. కాస్త దూరంలో నగర కార్యాలయం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు, దాని పక్కన యూదుల దీపస్తంభం మెనోరా, 18 అడుగులది. చెట్టు కింద మేయరు పేరుతో స్వేచ్ఛకు వందనం చెప్పే బోర్డు. వీటి మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1989లో తీర్పు వచ్చింది: పాక కుదరదు, మెనోరా ఉండొచ్చు.

మా గుడి భోజనశాలలో ఈ సంగతి చెబితే, పులిహోర తింటున్న పెద్దాయన ఒకరు "అదేం న్యాయమమ్మా? ఒక కంట వెన్న, ఒక కంట సున్నమా?" అన్నారు.

న్యాయమూర్తుల లెక్క వేరు. అక్కడి దేవుడి మాట ఎవరు అంటున్నట్టు కనబడుతోందన్నది వాళ్ళు చూశారు. మెట్ల మీద పాక ఒక్కటే ఉంది. దావా పనిమీద వచ్చినవాడికి ఆ కీర్తన ప్రభుత్వమే పాడుతున్నట్టుంటుంది. ఆ మతం కానివాళ్ళకు మేం ఇక్కడ పరాయివాళ్ళమన్న భావన ప్రభుత్వం కలిగించకూడదని జస్టిస్ శాండ్రా డే ఓకానర్ 1984లోనే ఇంకో కేసులో రాశారు. మెనోరా అయితే చెట్టు పక్కన చేరి పండగల సందడిలో కలిసిపోయిందట.

ఆ కలిసిపోవడమే నాకు మింగుడుపడదు. ఆ 1984 కేసు రోడ్ ఐలాండ్‌లోని పాటకెట్ ఊరిది. అక్కడ నగరపాలన పెట్టిన పాకను కోర్టు 5-4 తేడాతో ఒప్పుకుంది. చుట్టూ శాంటా ఇల్లు, రెయిన్‌డీర్లు, జోకరు, ఏనుగు, టెడ్డీబేరు ఉన్నాయి కాబట్టి, అంతా కలిపి చూస్తే అది పండగ ముస్తాబేనని. మా అమ్మ బొమ్మలకొలువులోనూ రాముడి పక్కన శెట్టిగారి బొమ్మ కూర్చునేది. అక్కడ ఎవరి పక్కన ఎవరుండాలో తేల్చింది మా అమ్మ ముచ్చట. ఇక్కడ లాయరు తేలుస్తాడు. కొండంత దేవుణ్ణి సర్కారు గడప దాటించాలంటే ముందు ఆయన్ని అలంకరణ సామగ్రిలో జమకట్టాలి. ఏ పాస్టరుగారైనా దీన్ని గెలుపనుకుంటే నాకు ఆశ్చర్యమే.

ఒహాయో రాజధాని కొలంబస్ కేసు, 1995 నాటిది, ఇంకా గట్టిది. అక్కడ శాసనసభ భవనం చుట్టూ ఉన్న మైదానం ఎవరైనా సభ పెట్టుకోగల చోటు. క్రిస్మస్ చెట్టుకూ మెనోరాకూ సరేనన్న అధికారులు కూ క్లక్స్ క్లాన్ సిలువను మాత్రం కాదన్నారు. మనబోటి రంగువాళ్ళను చూస్తే పళ్ళు నూరే ముఠా అది. అయినా కోర్టు 7-2తో వాళ్ళకే అనుమతి ఇప్పించింది: మైదానం అందరికీ తెరిచాక, చెప్పేది మతం మాట అని ఒకణ్ణి ఆపడానికి లేదు. మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు మండింది. కానీ నచ్చనివాడి ముందు తలుపు మూసే అధికారం ఒకసారి అధికారుల చేతికిస్తే, వాళ్ళకు పేరు పలకడం కూడా రాని దేవుళ్ళ మొహానే అది ముందుగా పడుతుంది.

2022లో సుప్రీంకోర్టు ఓకానర్ చెప్పిన ఆ పరాయి భావన కొలబద్దను పక్కనపెట్టి, ఇకపై చరిత్రా సంప్రదాయమూ చూడాలంది. పిట్స్‌బర్గ్ పక్కనే పెన్ హిల్స్‌లో మా వెంకన్న గుడి 1970ల నాటిది. అమెరికా సంప్రదాయంలో మా వాటా ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

మెజారిటీగా ఉన్నచోట ఇవేవీ తట్టవు. తెనాలిలో మా వీధికి అడ్డంగా చవితి పందిరి వేస్తే సైకిళ్ళు చుట్టూ తిరిగి పోయేవి. రోడ్డెవరిదని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

నాకు నచ్చిన పాక పిట్స్‌బర్గ్‌లోనే ఇంకోటుంది. 1999 నుంచి ఏటా యు.ఎస్. స్టీల్ టవర్ ముందు, వాటికన్ పాకకు నమూనాగా పెడుతున్నారు. మనిషంత బొమ్మలు, అమ్మల చంకల్లోంచి ముందుకు వంగి చూసే పిల్లలు. స్థలం ప్రైవేటుది కనుక పక్కన టెడ్డీబేరు అక్కర్లేదు. బాలయేసు బాలయేసుగానే ఉంటాడు. లంచ్‌కి వెళ్తూ నేనూ ఓ దణ్ణం పెట్టుకుంటాను.

పెన్సిల్వేనియా 2024లో దీపావళిని రాష్ట్ర పండగగా గుర్తించింది. అప్పట్నుంచి మనవాళ్ళకు టౌన్‌షిప్ ఆఫీసు ముందు దీపస్తంభం పెట్టించాలని ఉబలాటం. పెడదాం, అందరికీ తెరిచిన పచ్చిక అయితేనే. చందా మనమే వేసుకుందాం, బోర్డు మీద మన పేరే రాసుకుందాం. టౌన్‌షిప్ డబ్బు అడగొద్దు, అధికారుల చేత వెలిగించొద్దు. పక్కనే ఎవరైనా దేవుడు లేడని బోర్డు పెడితే, తీయించమని అర్జీ పట్టుకుని బయల్దేరొద్దు.