బెర్లినులో డుబోయిస్

స్వదేశమున రైలుబండిలో సైతము వర్ణభేదము వెన్నాడుచుండిన కాలమున, అమెరికా నల్లజాతి యువకుడు విలియం డుబోయిస్, స్లేటర్ నిధివారి ద్రవ్యసాహాయ్యముతో 1892లో బెర్లిను విశ్వవిద్యాలయమున ప్రవేశించి, గుస్తావ్ ష్మోలర్ ఆచార్యుని సెమినారులో, సిద్ధాంతము చెప్పుటకు ముందు వాస్తవములు ప్రోగుచేయవలెనను పద్ధతి నభ్యసించెను. 1893 ఫిబ్రవరిలో, 25వ జన్మదినమున, అద్దెగదిలో ఒంటరిగ క్రొవ్వొత్తులు వెలిగించుకొని, ఉన్న పుస్తకములన్నియు గతించిన తల్లికి అంకిత మొసగెను. శ్వేతజాతీయులు తన్ను సాటిమనిషిగ చూడగల రనుటయు ఆయన కచ్చటనే అనుభవమునకు వచ్చినది. విదేశవిద్య యన పట్టాయే యనువారు ఈ మాట గమనింతురుగాక. నిధివారు మరియొక యేడు సాయము చేయ నిరాకరింపగా (లోభ మనక తప్పదు!) జర్మను డాక్టరేటు చేజారెను. ఇంటింటికి తిరిగి ఆయన వ్రాసిన ఫిలడెల్ఫియా నల్లజాతీయుల సామాజికాధ్యయనము 1899లో వెలువడినది. దానిలో బెర్లిను శిక్షణ స్పష్టముగ కానవచ్చును.