చందాదారుడు యెవరు?

వస్తువు యింకా తయారు కాలేదు. తయారు చేస్తానన్నవాడు వెల ముందుగా యిమ్మంటాడు. అలా యిచ్చినవాడు కొనుగోలుదారుడా, వాటాదారుడా, దాతా? క్రౌడ్ ఫండింగ్ అని నేడు పిలువబడుతున్న యీ చందాల పద్ధతిని చర్చించేవారు మోసమా కాదా అనే దగ్గరే ఆగిపోతున్నారు గాని, యీ ప్రశ్న జోలికి రావడం లేదు.

2014లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన వొక సంస్థ కిక్‌స్టార్టర్ అనే వేదిక మీద ‘కూలెస్ట్’ అనే ఐసుపెట్టె కోసం చందాలు పిలిచింది. పానీయాలు కలిపే మిక్సీ, పాటలు వినిపించే స్పీకరు అందులోనే వుంటాయి. (విహారానికి వెళ్లేవాడికి యింతకంటే యేం కావాలి!) 62 వేలమందికి పైగా కలిసి 1 కోటీ 30 లక్షల డాలర్లకు మించి యిచ్చారు. తీరా చూస్తే, పుచ్చుకున్న వెల తయారీ ఖర్చుకే చాలలేదు. పాతవారి బాకీ తీర్చడానికని, వారు యెదురుచూస్తూ వుండగానే, అమెజాన్‌లో కొత్తవారికి యెక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టారు. 2019 డిసెంబరులో సంస్థ మూతపడింది. సుమారు 20 వేలమందికి పెట్టె చేరనే లేదు. వేదిక మాత్రం నూటికి 5 వంతుల రుసుమును 2014లోనే మినహాయించుకున్నది.

తమది దుకాణం కాదని కిక్‌స్టార్టర్ 2012లోనే ప్రకటించింది. సరే, దుకాణం కాదు. అయితే చందాదారుడికి వాటా వున్నదా? అదీ లేదు. కళ్లకు తగిలించుకొని బొమ్మల లోకంలో తిరిగే యంత్రం కోసం ఆక్యులస్ సంస్థ అదే సంవత్సరం అదే వేదిక మీద సుమారు 24 లక్షల డాలర్లు పోగుచేసింది. 2014లో ఫేస్‌బుక్ ఆ సంస్థను సుమారు 200 కోట్ల డాలర్లకు కొన్నది. అందులో చందాదారులకు చిల్లిగవ్వ రాలేదు. 2016లో తొలి యంత్రానికి సొమ్మిచ్చినవారికి కొత్తది వొకటి వుచితంగా పంపారు, నిజమే. అది వారి దయ, వీరి హక్కు కాదు. నష్టం వస్తే పెట్టుబడిదారుడు, లాభం వస్తే దాత: చందాదారుడి స్థితి యిది.

‘యిష్టపడే యిచ్చారు గదా’ అనవచ్చు. ఆ మాటను నేను పూర్తిగా తోసివెయ్యలేను. మా వూరి కవి వొకాయన సంపుటికి నేనూ ముందుగా చందా కట్టాను. పుస్తకం రాలేదు. డీటీపీకి యెంత, కాగితానికి యెంత పోయిందో రాసుకున్న చీటీ తెచ్చి ఆయన నా బల్లమీద పెట్టాడు. నాకు కోపం రాలేదు. నేను అడగదలచుకున్నది ఆ చీటీయే.

కిక్‌స్టార్టర్ నిబంధనల్లోనూ, 2014 నుంచి, పని పూర్తి చెయ్యలేనివాడు సొమ్ము యెలా ఖర్చయిందో చెప్పాలని వున్నది. చెప్పించే బాధ్యత వేదికది కాదు. పెట్టె అందని ఆ 20 వేలమందీ, తలా యిచ్చిన కొద్దిపాటి సొమ్ము కోసం, యెవరికి వారే కోర్టు మెట్లు యెక్కాలి.