కోట తలుపు తీసినదెవరు?



సెలవులు వచ్చాయంటే నిజామాబాదు, బోధన్ ప్రాంతాల నుంచి కుటుంబాలు హైదరాబాదు వెళ్ళి గోల్కొండ కోట చూసి వస్తాయి. అల్లాహ్ స్థోమత ప్రసాదించినవారు ఉమ్రాకు వెళ్ళినప్పుడు మదీనాలో కందక యుద్ధం జరిగిన చోటునూ చూస్తారు. రెండూ ముట్టడిని చవిచూసిన స్థలాలే. అక్కడి నుంచి మనం ఏం తెచ్చుకుంటున్నాం? ఫోటోలేనా?

భూమిపై సంచరించి పూర్వీకుల పర్యవసానం చూడమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ఆదేశిస్తోంది. కనుక వెళ్ళడం తప్పు కాదు. గుణపాఠం లేకుండా తిరిగి రావడమే నష్టం.

హిజ్రీ 5వ సంవత్సరం (క్రీ.శ. 627)లో సుమారు 10,000 మంది శత్రువులు మదీనాపైకి వచ్చారు. ముస్లిములు సుమారు 3,000 మంది. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహా మేరకు కందకం తవ్వారు. దైవప్రవక్త (స) స్వయంగా మట్టి మోశారు, ఆకలికి కడుపుపై రాళ్ళు కట్టుకున్నారు. కపట విశ్వాసులు సాకులు చెప్పి తప్పుకున్నారు. ఒప్పందం చేసుకున్న బనూ ఖురైజా తెగ మాట తప్పింది. అయినా విశ్వాసులు చెదరలేదు. చివరికి అల్లాహ్ పెనుగాలిని పంపాడు, శత్రుసేనలు వెనుదిరిగాయి. సలా కొండ దిగువన ఉన్న మస్జిదె ఫతహ్ నేటికీ ఆ రోజులను గుర్తుచేస్తోంది.

ఇక గోల్కొండ చూడండి. 1687లో ఔరంగజేబు సైన్యం దాన్ని సుమారు 8 నెలలు ముట్టడించింది. ఫిరంగులు కోటను లొంగదీయలేకపోయాయి. వానలు, కరువు, రోగాలు ముట్టడించినవారినే పీడించాయి. సెప్టెంబరులో ఒక రాత్రి కోటలోని సర్దారు అబ్దుల్లా ఖాన్ పనీ లంచానికి ఆశపడి తలుపు తీయించాడు. అబ్దుర్రజాఖ్ లారీ మాత్రం ఏ ఆశకూ లొంగక, ఒళ్ళంతా గాయాలయ్యేదాకా పోరాడాడు. గోడలే లేని మదీనా నిలిచింది. అంతటి గోడలున్న గోల్కొండ పడిపోయింది!

మరో బాధాకరమైన విషయం. గోల్కొండలో ఇరువైపులా ఉన్న పాలకులది ఒకే కలిమా, ఒకే ఖిబ్లా. ఓడిన సుల్తాన్ అబుల్ హసన్ తానాషా దౌలతాబాదు కోటలో బందీగా కన్నుమూశాడు. అతని సమాధి తన పూర్వీకుల గుంబదుల నడుమ లేదు, ఖుల్దాబాదులో ఉంది. గెలిచిన ఔరంగజేబు 1707లో మరణించాడు. ఆయన సమాధి కూడా ఖుల్దాబాదులోనే, ఆకాశం కింద సాదాగా ఉంది. మన నిజామాబాదు మీదుగా వెళ్ళే రైలుమార్గం ఒకవైపు గోల్కొండ ఉన్న హైదరాబాదుకు, మరోవైపు ఖుల్దాబాదుకు దగ్గరి పట్టణమైన ఔరంగాబాదు (నేటి ఛత్రపతి శంభాజీనగర్)కు చేరుతుంది. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే ఊరి మట్టిలో తీర్పు దినం కోసం ఎదురుచూస్తున్నారు.

మరి మన ఇళ్ళ సంగతేమిటి? చెరకు చేను గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతున్నారు. అక్కచెల్లెళ్ళ వారసత్వపు వాటా ఎగ్గొడుతున్నారు. మస్జిద్ కమిటీ పదవి కోసం ఒకరికొకరు సలాం చెప్పుకోవడం మానేస్తున్నారు. తోటి ముస్లింతో మూడు రోజులకు మించి మాటలు మానుకోవడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బయటి శత్రువు కన్నా ముందు, మన కోట తలుపును లోపలి నుంచి తీస్తున్నది మనమే కదా!

అందుకే అటువంటి చోట్లకు వెళ్ళినప్పుడు కొన్ని మర్యాదలు పాటిద్దాం. నమాజు వేళ తప్పనివ్వకూడదు. గోడలపై పేర్లు చెక్కకూడదు. సమాధులు పరలోకాన్ని గుర్తుచేస్తాయి గనుకనే వాటి సందర్శనకు దైవప్రవక్త (స) అనుమతించారు. అక్కడ సలాం చెప్పి, మృతుల మన్నింపు కోసం దుఆ చేద్దాం. వారి కోసం అల్లాహ్‌ను అడగాలే తప్ప, వారిని అడగకూడదు. పిల్లలకు రాజుల వైభవంతో పాటు వారి ముగింపునూ చెబుదాం. తిరిగొచ్చాక, మాటలు లేని బంధువు ఇంటికి ముందుగా మనమే వెళ్ళి సలాం చెబుదాం.

అల్లాహ్ మన హృదయాలను కలుపుగాక! మన ఇళ్ళను దురాశ నుంచి, ద్రోహం నుంచి కాపాడుగాక! ఆమీన్.