పట్టూ, విడుపూ

మా అమ్మ కాలు బెణికి మూడు వారాలు మంచం మీద ఉంది. అందుకు కారణం రోడ్డు కాదు, బండి నడిపిన మా తమ్ముడు కాదు, ఎదురొచ్చిన ట్రాక్టరు అంతకన్నా కాదు. నేను! ఆ సమయానికి నేను అక్కడ లేను కూడా. అనంతపురంలో మా ఇంట్లో, ఫ్యాను కింద కూర్చుని సీరియల్ రాసుకుంటున్నాను. అయినా సరే, కారణం నేనే. ఎలాగో చెప్తాను, వినండి.

మాది గుమ్మఘట్ట. ఆ పేరు విననివాళ్ళకి రాయదుర్గం పక్కన అంటే కాస్త తెలుస్తుంది. భైరవానితిప్ప ప్రాజెక్టు మా మండలంలోదే. అది కట్టింది వేదవతి నది మీద. మేము హగరి అంటాం. నది అన్నాను కదా అని గలగల పారే నీళ్ళు ఊహించుకునేరు! మేం పెరిగిందంతా నీళ్ళకన్నా ఇసుక ఎక్కువగా చూస్తూనే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అదైనా అడిగినప్పుడు రాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. అంచేత మా ఊళ్ళో అన్నిటి మీదా ఒక పొర దుమ్ము ఉంటుంది. గడప మీద, తులసికోట మీద, మా తమ్ముడి మోటారు సైకిలు మీద.

ఆ మోటారు సైకిలు మీదే మా అమ్మ నెలకోసారి రాయదుర్గం వెళ్ళి షుగరు పరీక్ష చేయించుకుని వస్తుంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. వెనక పక్కకి తిరిగి కూర్చుంటుంది, మనందరిలాగానే. కుడిచెయ్యి తమ్ముడి భుజం మీద, ఒళ్ళో మందుల సంచీ, కొంగు నడుముకి దోపుకుని. కాళ్ళు రెండూ ఎడమవైపు ఆడవాళ్ళ కోసం బిగించిన పొడవాటి ఫుట్‌రెస్టు మీద. కాళ్ళకి ఏనాటివో రబ్బరు చెప్పులు.

కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ ఫుట్‌రెస్టు చూసి నాకు గుండె ఝల్లుమంది. రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఇనుము అరిగి అరిగి అద్దంలా ఉంది. దాని మీద దుమ్ము. ఆ దుమ్ము మీద, అట్టలా అరిగిన చెప్పు. "అమ్మా, ఇది జారదూ?" అన్నాను.

"జారుతాది. అప్పుడప్పుడు" అంది, వానొస్తుంది అన్నంత తేలిగ్గా. "జారితే మళ్ళా పెట్టుకుంటాను."

నేను ఊరుకుంటానా? బి.ఏ. చదివినదాన్ని, నవలలు రాసేదాన్ని. ఊహించుకోవడంలో నాకెవరూ సాటి రారు. ఆ రాత్రంతా అమ్మ జారి పడటం పదహారు విధాల చూశాను. తెల్లారి లేచి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రాయదుర్గంలో వెల్డింగు షాపుకి వెళ్ళాను. పాత రేకు తీయించి, రంపం పళ్ళలాగా గరుకు దేలిన రేకు వేయించాను. అక్కణ్ణించి చెప్పుల షాపుకి. అడుగున లోతుగా గాళ్ళున్నవీ, వెనక మడమ దగ్గరా, మీద పాదం దగ్గరా రెండు పట్టీలతో గట్టిగా బిగించుకునేవీ కొన్నాను. చాలా ఖరీదైనవే. కూతురి ప్రేమకి ఖరీదేమిటి!

అమ్మ వాటిని తిప్పి తిప్పి చూసింది. "ఏంటికి పాపా ఇవన్నీ? చెప్పు నా కాలికి ఉండల్ల గానీ, నా కాలు చెప్పుకి ఉండకూడదు" అంది. ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను. నవ్వేశాను కూడా.

తర్వాత నెలలోనే జరిగింది. దారిలో ట్రాక్టరు ఎదురొస్తే తమ్ముడు బండి పక్కకి తీసి ఆపాడు. అక్కడ నేల కాస్త పల్లం. బండి ఎడమకి ఒరిగింది. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ అమ్మ పాదాలు కిందికి జార్చి దిగబోయింది. పాత చెప్పయితే జారేది. పాదం నేలకి తగిలేది, మహా అయితే చెప్పు ఊడి దుమ్ములో పడేది. ఇప్పుడు చెప్పు గాళ్ళు రేకు పళ్ళలో పట్టుకున్నాయి. పట్టీలు పాదాన్ని చెప్పుకి పట్టుకున్నాయి. మనిషి కిందికి వచ్చింది గానీ కుడికాలు మీదే ఉండిపోయింది. చీలమండ మెలితిరిగింది. విడిపించుకునే తొందరలో ఎడమ మోకాలి కింద ఎముక వెంబడి రేకు పళ్ళు గీరుకుపోయాయి. ఎముక విరగలేదన్నారు. "అదృష్టం" అని కూడా అన్నారు. ఆ అదృష్టానికి మూడు వారాల మంచం, అయిదు కుట్లు.

ఫోనులో తమ్ముడు సంగతంతా చెప్పి, చివర మెల్లిగా, "అక్కా, ఆ రేకు తీసేయించేదా?" అన్నాడు. అంతే. ఒక్క మాట అనలేదు. అన్నా బావుండేది.

సరిగ్గా ఈ సంగతే నాకు అంతకు ముందు ఒకడు చెప్పి ఉన్నాడంటే నమ్ముతారా? మా అక్క కొడుకు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ చలికాలం మంచు మీద నడిపే మోటారు బళ్ళుంటాయి, స్నోమొబైల్ అంటారు. కెనడాలో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అనే ఆయన 1959లో స్కీ-డూ అనే చిన్న బండి అమ్మకానికి పెట్టాక ఇవి ఇంటింటి సరదా అయిపోయాయి. నడిపేవాడు కాళ్ళు పెట్టుకునేందుకు ఇరువైపులా పొడుగాటి పలకలుంటాయి. వాటి మీద మంచు పేరుకుని గడ్డకడితే బూటు సర్రున జారిపోతుంది. అందుకని ఆ పలకలకి చిల్లులు పొడిచి, అంచులు పైకి లేపి, పళ్ళలా చేస్తారు. మంచు చిల్లుల్లోంచి రాలిపోతుంది, పళ్ళు బూటుని పట్టుకుంటాయి. కొందరికి అదీ చాలక, ఇంకా పదునైన ముళ్ళు కొని బిగించుకుంటారట. ఇక కాలు జారదు. కానీ ఏ కుదుపుకో జారిందీ అంటే అవే పళ్ళు మోకాలి కింద చీరేస్తాయి. బండి తిరగబడితే, కాలు బయటికి రావలసిన క్షణంలో రాదు. వాడు ఫోనులో పాంటు పైకి లాగి మచ్చ చూపించాడు. "పిన్నీ, జారితే ఒక బాధ, జారకపోతే ఇంకో బాధ" అన్నాడు. "అలాంటి బళ్ళెక్కడం దేనికిరా!" అని చీవాట్లేసి పెట్టేశాను. వాడికి మంచు, మాకు దుమ్ము. తేడా అంతే. ఆ ముక్క నాకు తట్టలేదు.

అమ్మ పడ్డ తర్వాత ఒకటే ఆలోచన. ఉడుంపట్టుని మెచ్చుకుంటాం మనం. వేమన పట్టు గురించి చెప్పిన పద్యం బడిలో వల్లించని తెలుగువాళ్ళు ఎవరున్నారు? కానీ ఆయన చెప్పింది మనసు సంగతి. కాలి సంగతికొస్తే, పట్టు కనిపెట్టినవాళ్ళందరూ వెంటనే విడుపు కూడా వెతుక్కోవలసి వచ్చింది. గుర్రపు రౌతు రికాబులో పాదం మొత్తం దూర్చకూడదు, ముందు భాగమే ఆనించాలి అంటారు. రౌతు బూటుకి మడమ ఉండేదే పాదం అవతలికి దూరిపోకుండా. ఎందుకంటే గుర్రం మీంచి పడటం ఒక ప్రమాదం. పడ్డాక రికాబులో కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోవడం దానికి పదింతల ప్రమాదం. మంచు మీద కాళ్ళకి పలకలు కట్టుకుని జారే ఆటలోనూ అదే కథ. హ్యాల్మర్ హ్వామ్ అనే నార్వే దేశస్థుడు అమెరికాలో స్థిరపడ్డ గొప్ప ఆటగాడు. 1937లో కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలిని పలకకి బిగించే కట్టు ఊడిరాకపోవడం వల్లే ఇలాంటివి జరుగుతున్నాయని ఆలోచించి, మెలిపడగానే దానంతటదే వదిలేసే కట్టు ఒకటి తయారు చేశాడు. 1939లో దానికి పేటెంటు వచ్చింది. అంటే గట్టిగా పట్టుకోవడం ఎలాగో కాదు, ఎప్పుడు వదలాలో కనిపెట్టాడన్నమాట!

ఇంత దూరం ఎందుకు, మన మోటారు సైకిళ్ళకే ఫుట్‌రెస్టు మడత పడేలా చేస్తారు చాలావాటికి. తొక్కితే గట్టిగా ఉంటుంది. నేల తగిలితే పైకి మడుచుకుంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది మనలాంటి వాళ్ళ కోసమే రాసినట్టుంటుంది. వెనక కూర్చునేవారికి చేత్తో పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా మూసే అడ్డూ ఉండాలంది. మూడూ మంచివే. కారులోలాగా బెల్టు కట్టాలని మాత్రం అనలేదు. కారు చుట్టూ గోడలున్న గది. అందులోంచి బయట పడకూడదు. బండి పడితే దాని కింద ఉండకూడదు. పట్టుకోవడానికి ఒక పిడి చాలు. అది వదలాలో వద్దో చెయ్యే చూసుకుంటుంది.

ఇంతకీ నేను వెల్డింగు షాపుకి పరిగెత్తింది అమ్మ కాలి కోసమా, నా నిద్ర కోసమా? నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర పట్టనిది నాకు. అమ్మ హాయిగా పడుకుంది. జారే ప్రమాదం నా కంటికి కనిపించింది, భయపెట్టింది. ఇరుక్కునే ప్రమాదం నా కంటికి ఆనలేదు, ఎందుకంటే అది నేను కొనిచ్చిన ప్రేమలో ఉంది. జారి పడితే లోకం "చూసుకోలేదు పాపం, పిల్లలు" అంటుంది. బిగించి పడేస్తే "ఎంత జాగ్రత్త తీసుకున్నారో, ఏం చేస్తాం" అంటుంది. మొదటి మాటంటే భయం మనకి. రెండో మాట చాటున ఎన్ని చీలమండలు మెలితిరుగుతున్నాయో! పిల్లవాణ్ణి చెట్టెక్కనివ్వం, పెళ్ళయిన కూతురికి రోజుకి నాలుగుసార్లు ఫోను చేస్తాం. నా మటుకు నేను, అమ్మని ఊళ్ళో ఇల్లు మూయించి అనంతపురం తెచ్చేసుకోవాలని రెండేళ్ళుగా తమ్ముడితో పోట్లాడుతున్నాను. అమ్మని మాత్రం ఒక్కసారీ కూర్చోబెట్టి అడగలేదు.

అలాగని అరిగిన ఇనుమే మేలు అనను. ఆ అద్దం లాంటి రేకు మీద ఇంకో వానాకాలం గడిస్తే ఏమయ్యేదో! "ఎవరి ఖర్మ వారిది" అని వదిలెయ్యడం విడుపు కాదు, వదిలించుకోవడం. పట్టు కావాలి. ఎంత కావాలన్నదే ప్రశ్న. దానికి జవాబు ఆ కాలు ఎవరిదో వాళ్ళని అడిగితే గానీ తెలియదు.

కట్టు విప్పిన రోజు వెళ్ళాను. మొట్టమొదటిసారిగా అడిగాను: "అమ్మా, నీకెట్లా ఉంటే బావుంటుంది?" ఆలోచించకుండానే చెప్పింది. రేకు మీద మెత్తటి రబ్బరు, మరీ నున్నగానూ వద్దు, మరీ గరుకూ వద్దు. కొత్త చెప్పులు మంచివే, మడమ పట్టీ మాత్రం కోసెయ్యాలి. తమ్ముడు పల్లంలో కాక సమంగా ఉన్నచోట ఆపాలి. తాను కాలు జార్చకుండా ఎత్తి దించుకుంటుంది. అన్నీ ఎప్పణ్ణించో తయారుగా పెట్టుకున్న జవాబులే. అడిగినవాళ్ళు లేక మిగిలిపోయాయి.

అనంతపురం సంగతీ అడిగాను. "యాడికీ రానని ఎప్పుడన్నా అంటినా? చలికాలం నాలుగు నెల్లు వస్తాను. ఉగాదికి నా ఇల్లు తలుపు తీసుండల్ల" అంది. రెండేళ్ళ పోట్లాట అరనిముషంలో తేలిపోయింది.

మర్నాడు రబ్బరు వేయించడానికి తమ్ముడి వెనక నేనే కూర్చుని రాయదుర్గం వెళ్ళాను. ఆ పళ్ళ రేకు మీదే కాళ్ళు పెట్టి. గుంట వచ్చినప్పుడల్లా నా కాలి వేళ్ళు వాటంతటవే ముడుచుకుని ఆ పళ్ళని పట్టుకున్నాయి. నిజం చెప్పొద్దూ, ఆ పట్టు ఎంత ధైర్యంగా ఉందో! దిగేటప్పుడు మాత్రం ఒక పాదం, తర్వాత రెండో పాదం, చంటిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు ఎత్తి కింద పెట్టాను.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "భయమేసిందా?"

"లేదు" అన్నాను.

ఆవిడ నా కాళ్ళ వంక చూసి నవ్వింది. వేళ్ళింకా ముడుచుకునే ఉన్నాయి.