రాయి పుట్టని ఊళ్లో ఒక రాయి

మా ఊళ్లో రాయి పుట్టదు. బాపట్ల, చీరాల మధ్య రైల్లో పోతూ కిటికీలోంచి చూసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. సరుగుడు, జీడిమామిడి, వేరుశనగ, వాటి కింద అంతా ఇసక. కొన్ని వేల ఏళ్ల కింద సముద్రం ఇంతకన్నా లోపలికి ఉండేది. ఒడ్డు వెనక్కి జరిగినకొద్దీ మిగిలిపోయిన దిబ్బల మీద కట్టుకున్న ఊళ్లివి. బావి తవ్వితే గవ్వలొస్తాయి గాని బండ తగలదు. రైలు కట్ట మీది కంకర, గుమ్మం ముందు పరిచిన నాపరాయి, సమాధుల మీది నల్లరాయి అన్నీ ఎక్కడినుంచో వచ్చినవే. మేమూ అంతే. 1913లో మమ్మల్ని ఇక్కడికి తెచ్చి దించారు.

అలాంటిచోట, పాత ఇల్లు పడగొట్టిన కుప్పలో ఒక నాపరాయి ముక్క కంటబడింది. బూడిదరంగు పలక. దాని మీద నల్లగా, సన్నగా, కొమ్మలు కొమ్మలుగా చీలుతూ ఒక ఆకు. అచ్చం చెరువుగట్ల మీద నీడలో మొలిచే ఫెర్ను. గోటితో గీకితే పోలేదు, సబ్బు పెట్టి కడిగితే ఇంకా నిగనిగలాడింది. ఇంట్లో పెట్టుకుంటే మా అమ్మ చూసి, "ఆ గాబు కింద ఎగుడుగా ఉంది, దాన్ని అక్కడ వెయ్యరా" అంది. నేను వెయ్యలేదు. అప్పటికే నా మనసులో పేపరు వార్త అచ్చయిపోయింది: స్టూవర్టుపురంలో కోట్ల ఏళ్ల నాటి ఆకు.

ఆ వార్త నాకెందుకు కావాల్సొచ్చింది? రాయిని గురించి తర్వాత చెబుతాను. ముందు తేల్చుకోవాల్సింది ఇది.

మా ఊరి పేరు పేపర్లో ఎప్పుడొచ్చినా ఒకటే వార్త, దొంగతనం. సినిమాల్లో అయితే సరే సరి. 1991లో స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్, 2023లో టైగర్ నాగేశ్వరరావు. తరాలు మారినా తెర మీద మాకిచ్చిన వేషం మారలేదు. చదువుకునే రోజుల్లో ఒక ఇంట్లో గది అద్దెకడిగితే ఊరి పేరు విన్నాక ఖాళీ లేదన్నారు. ఆ తర్వాత "బాపట్ల దగ్గర" అనడం అలవాటు చేసుకున్నాను. అబద్ధమేం కాదు, దగ్గరే. కాని ఆ "దగ్గర" వెనక దాక్కున్న సంగతి నాకు తెలుసు. నాలాగే చదువుకుని బయటికొచ్చిన వాళ్లు చాలామందికి తెలుసు.

రాళ్ల పుణ్యాన మంచిపేరు తెచ్చుకున్న ఊళ్లున్నాయి. తెలంగాణలో గోదావరి లోయలో యామనపల్లి అనే పల్లె ఉంది. అక్కడ దొరికిన ఎముకలతో భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో ఒక డైనోసార్‌ను వర్ణించి, దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన అస్థిపంజరం అదే. పల్లె పేరు లాటిన్ తోక తగిలించుకుని ప్రపంచంలోని పుస్తకాలన్నిట్లోకీ ఎక్కింది. అంత దూరం ఎందుకు, మన ఒంగోలు వైపు వేమవరం చూడండి. అక్కడి పలకరాళ్లలో 10 కోట్ల ఏళ్లకు పైబడిన ఆకుల అచ్చులున్నాయి. 1879లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ తీరపు రాళ్ల గురించి రాశాడు. ఆ పొరలను ఇప్పటికీ వేమవరం షేల్ అనే పిలుస్తారు. రాతిపొరకు ఊరి పేరు పెట్టారు. మా ఊరికేమో ఒక దొర పేరు పెట్టారు, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు.

అసూయ అనే మాట వాడటానికి నాకేం సిగ్గులేదు. యామనపల్లి మీద అసూయపడ్డాను.

ఇక రాయి. భూగర్భశాస్త్రం చదివిన ఒకాయనకు చూపించాలని అనుకుంటూనే వాయిదా వేస్తూ వచ్చాను. కాదంటాడేమోనన్న భయం. చివరికి తీసుకెళితే ఆయన దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి, భూతద్దం పెట్టి చూసి, నవ్వలేదు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ని.

"తమ్ముడూ, ఆకైతే మధ్యలో ఈనె ఉండాలి, కాడ ఉండాలి. ఇది ఎక్కడ మొదలైందో చూడు" అన్నాడు.

చూశాను. కాడ లేదు. రాయి అంచు నుంచి, పగులు నుంచి లోపలికి పాకింది. మరోచోట సన్నటి పగులు వెంట ఇంకో గుంపు మొలిచింది. పలక పొరల మధ్య, పగుళ్లలో ఊరిన నీటిలో కరిగి ఉన్న మాంగనీసు, ఇనుము అక్కడే ఆక్సైడుగా పేరుకుంటూ, పాత గోడలో చెమ్మ పాకినట్టు కొసలు చీలుతూ పోతాయట. వాటిని డెండ్రైట్లు అంటారు. జీవంతో వాటికి పొత్తు లేదు. పైగా ఈ పలక పల్నాడు సున్నపురాయి. భూశాస్త్రం దాన్ని నార్జి సున్నపురాయిగా లెక్కేస్తుంది, వయసు 50 కోట్ల ఏళ్లకు పైమాటే. నేల మీద ఆకుల మొక్కలు కనబడింది సుమారు 40 కోట్ల ఏళ్ల కింద. మొక్కే లేని కాలపు రాతిలో ఆకు ఎక్కడినుంచి వస్తుంది?

అన్నిటికన్నా నన్ను తొలిచేది ఇది. ఒకవేళ అది నిజంగా శిలాజమే అయినా, పేరు పల్నాడులోని మాచర్లకో పిడుగురాళ్లకో పోయేది గాని మాకు రాదు. మా ఊళ్లో రాయి పుట్టదని నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ ఆ ఒక్క సంగతినీ పక్కన పెట్టి వార్త రాసుకున్నాను. ఎవరో ఒకరు మాకు వేరే పేరు పెట్టాలి, ఆ పెట్టేది పోలీసులకన్నా, సినిమా వాళ్లకన్నా, దొరలకన్నా పాతదై ఉండాలి. అదీ నా ఆశ. వందేళ్ల మచ్చకు కోట్ల ఏళ్ల రాయిని అడ్డం పెట్టబోయాను. మాకు క్షమాపణ బాకీ ఉన్నది రాయి కాదు.

ఆయన ఆ రాయిని చూసిన తీరు మాత్రం మరిచిపోలేను. పేరు పెట్టేముందు తిప్పి చూశాడు, ఎక్కడ దొరికిందని అడిగాడు, ఈనె వెతికాడు, వయసు లెక్కగట్టాడు. మా ముత్తాతల్ని అలా చూసినవాళ్లు లేరు. ఉప్పూ ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని ఊరూరా అమ్ముకునే మా ఎరుకలవాళ్ల బేరం రైళ్లొచ్చాక కూలిపోయింది. బతుకు పోయినవాళ్లను నేరస్థ జాతి అన్నారు. బ్రిటిష్ వాళ్ల 1871 నేరస్థ జాతుల చట్టంలోనే రాసుంది, ఫలానా జాతి నేరస్థ జాతి అని ప్రభుత్వం ప్రకటిస్తే దాన్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని. 1911 చట్టంతో అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. రిజిస్టర్లో వేలిముద్రలు, హాజరు పిలుపులు, ఊరు దాటాలంటే పాసు. మమ్మల్ని దించిన ఈ సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించారు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు దొరికారు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది, కాగితం మీద.

ఒక బండముక్కకు దొరికిన పాటి విచారణ మాకు దొరకలేదని అప్పుడు కోపమొచ్చింది. కోపం న్యాయమైనదే. అయితే అందులో కొంత భాగం నా మీదికే తిరిగింది. "బాపట్ల దగ్గర" అన్న ప్రతిసారీ నేనూ ఆ ప్రకటనను ప్రశ్నించకుండా ఒప్పుకున్నట్టే కదా. ఇది పూర్తిగా నిజమో కాదో ఇంకా తేల్చుకోలేదు. గది కావాల్సిన కుర్రాడు పోరాటం చెయ్యాలని అడగడం కూడా అన్యాయమే.

రాయి ఇప్పుడు గాబు కింద ఉంది. చక్కగా సరిపోయింది.

మీకెవరికైనా ఇలాంటిది కనబడితే, ముఖ్యంగా శిలాజాలు దొరికే వేమవరం, రాజమండ్రి పక్క కాతేరు వైపు, సుత్తితో కొట్టకండి, ఆమ్లం పోయకండి. పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి ఫొటో తీసి, దగ్గరున్న విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర శాఖకో, హైదరాబాదులోని భూవిజ్ఞాన సర్వే కార్యాలయానికో పంపండి. దొరికిన ఊరి పేరు పూర్తిగా రాయండి. ఎక్కడిదో తెలియని శిలాజం వాళ్లకు పెద్దగా పనికిరాదు.