దిష్టిబొమ్మ యెవరిని చూచుచున్నది?

తాను పండించిన పంటను, కట్టుకొనిన యింటిని, కనిన బిడ్డను కాపాడుకొనవలెనను కోరిక ప్రతి మనుష్యునకును సహజము. అది దోషము కాదు సరికదా, సంసారయాత్రకు మూలాధారము. కాని ఎవరినుండి కాపాడుకొనవలెను అను ప్రశ్న వచ్చినప్పుడే ధర్మాధర్మవిచారము మొదలగుచున్నది. పక్షులనుండి పంటను కాపాడుకొనుట యొకటి. పొరుగువాని కంటినుండి ఇంటిని కాపాడుకొనుట వేఱొకటి. ఈ రెంటికిని మనవారు ఒకే బొమ్మను వాడుచుండుటచేత రెండును ఒకటియే యని భ్రమపడుచున్నారు. ఆ భేదమును విచారించుటయే యీ వ్యాసమునందు మా యుద్దేశము.

వేగావతీ తీరమున కొండల మొదటనున్న సాలూరు 2022 వ సంవత్సరమున ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. ఊరు దాటి పోయినచో చోడిచేలలోను కూరగాయల తోటలలోను రెండు కఱ్ఱలను అడ్డముగా కట్టి, గడ్డి చుట్టి, పాత చొక్కా తొడిగి, సున్నపుబొట్లు పెట్టిన నల్లకుండను తలగా బోర్లించిన బొమ్మ కానవచ్చును. ఊరిలోనికి వచ్చినచో కట్టుచున్న మేడమీద అదే గడ్డిబొమ్మ. కట్టుట ముగిసిన యింటి గుమ్మమునకు కోరల రాక్షసుని ముఖమో, వ్రేలాడు బూడిదగుమ్మడికాయయో. సాలూరు లారీలకు పేరుపొందిన ఊరు. ఘాటుదారిని కోరాపుట్టు వైపునకు సాగు లారీల ముందు నిమ్మకాయయు మిరపకాయలును కట్టియుండును. చేను మొదలుకొని చక్రము వఱకు ఒక్కటే కావలి.

చేనిలోని బొమ్మను గూర్చి మాకు ఆక్షేపణ లేదు. అది మంచెమీద నిలిచి వడిసెల త్రిప్పవలసిన మనిషికి ప్రతినిధి. పిట్టలు తెలివితక్కువవి కావు. కదలని బొమ్మను కొలది దినములలోనే గుర్తించి దాని భుజముమీదనే వ్రాలును. కావున తెలిసిన రైతు దాని తావు మార్చును, చొక్కా మార్చును, గాలికి చప్పుడగునట్లు రేకుడబ్బా కట్టును. ఆ బొమ్మ పనిచేయవలెనన్న రైతు పనిచేయవలెను. అది ఫలించినదో లేదో కంకులే లెక్క చెప్పును. పరీక్షకు నిలుచునది, శ్రమను కోరునది, ఏ మనిషిని నిందింపనిది అగు ఇట్టి బొమ్మ మూఢవిశ్వాసము కాదు, ఉపాయము.

ఇంటిబొమ్మ సంగతి అట్లు కాదు. చూపరుల మొదటి చూపులో అసూయావిషముండుననియు, ఆ చూపు వికారమైన బొమ్మమీద పడి వ్యయమైపోయినచో ఇల్లు క్షేమమనియు దాని సిద్ధాంతము. దీనికి పరీక్ష లేదు. ఆపద రాకున్నచో అది బొమ్మ మహిమ. వచ్చినచో బొమ్మను మించిన కన్నెవరిదో పడినది! ఎట్లు జరిగినను గెలుచు వాదమునుండి ఎవరును ఏమియు నేర్చుకొనజాలరు. ఇక ఆ బొమ్మ ఎవరిని చూచి కోరలు చాచుచున్నది? కాకిని కాదు. దొంగను కాదు, దొంగకు తాళమున్నది. మన గుమ్మముముందు నడచువారెవరు? ప్రక్కయింటివాడు, పాలు తెచ్చు స్త్రీ, మన బిడ్డతో బడికి పోవు బిడ్డ. నీ కన్ను చెడ్డది అని వారితో నోట ననలేని మాటను మనము గుమ్మముచేత అనిపించుచున్నాము.

ఈ భయము మన దేశమునందే పుట్టినది కాదు. ప్రాచీన రోమకులు తోటలలో ప్రియాపసు అను దేవత కొయ్యబొమ్మను నిలిపి పక్షులను, దొంగలను బెదరించెడివారు. 16 వ శతాబ్దిలో పారాసెల్ససు అను వైద్యుడు భూగర్భమున చరించు పొట్టిభూతములకు గ్నోములని పేరిడెను. గనులలో పనిచేయువారు అట్టి భూతములు లోహములకు కావలియున్నవని నమ్మి వెఱచెడివారు. మన యక్షులు వీరికి దాయాదులవలె తోచుదురు. వారును కుబేరుని నిధులకు కావలివారే. సాంచీ పశ్చిమతోరణమున బరువు మోయుచున్న బొజ్జల మరుగుజ్జులను చూచినవారికి ఈ పోలిక తెలియును. ధనమున్నచోట భయమును, భయమున్నచోట కావలిభూతమును పుట్టుట సర్వత్ర సామాన్యము.

అయినను ఐరోపాలో ఆ భూతమునకు ఒక మార్పు కలిగినది. 19 వ శతాబ్దిలో జర్మనీలోని తురింగియా ప్రాంతపు గ్రేఫెన్‌రోడా మొదలగు ఊళ్లలో కుమ్మరులు గ్నోములను కాల్చిన మట్టితో తోటబొమ్మలుగా చేయసాగిరి. కుచ్చుటోపి, తెల్లని గడ్డము, చేత గునపమో లాంతరో, ముఖమున చిఱునవ్వు. 1847 లో సర్ చార్లెస్ ఐషమ్ అను నాంగ్లేయుడు అట్టి బొమ్మలను 21 టిని కొనిపోయి లాంపోర్టులోని తన తోటలో నుంచెను. వానిలో ఒక్కటి నేటికిని నిలిచియున్నది. గనిలో భయపెట్టినది తోటలో పిల్లల నాటవస్తువైనది.

ఇచ్చట చదువరులు ఒక విషయమును గమనింపవలెను. ఆ బొమ్మ నవ్వుటకు పూర్వము 15 వ శతాబ్ది మొదలు 18 వ శతాబ్ది వఱకు ఆ ఖండమునందే మంత్రగత్తెలను నెపమున చంపబడినవారు 40 వేలు మొదలు 60 వేల వఱకు ఉందురని చరిత్రకారుల అంచనా. వారిలో అధికులు స్త్రీలు. జర్మను దేశములలోనే యీ ఘోరము మిక్కిలి ప్రబలినది. పొలమెండినను, పశువు చచ్చినను, బిడ్డ జబ్బుపడినను ప్రక్కయింటి ముసలమ్మయే కారణమనిరి. న్యాయస్థానములు నిదర్శనము కోర నేర్చి, ఆ విచారణలు ఆగిన పిమ్మటనే తోటలో బొమ్మ నవ్వినది. ముందు పొరుగువారినిగూర్చిన భయము పోవలెను. బొమ్మ ముఖము తరువాత తానే మాఱును.

మనకు ఆ భయము పోయినదా? మన మన్యమున దానికి చిల్లంగి యని పేరు. చిల్లంగి పెట్టినారను అనుమానముతో మనుష్యులను కొట్టిన, చంపిన ఉదంతములు ఈ శతాబ్దిలోను జరిగినవి. బీహారు 1999 లోను, ఝార్ఖండు 2001 లోను, సాలూరునకు పొరుగుననే యున్న ఒడిశా 2013 లోను ఇట్టి హింసను శిక్షించుటకు ప్రత్యేకశాసనములు చేయవలసివచ్చినది. అది కొండవారి అజ్ఞానమని పట్టణములోని విద్యావంతులు తప్పించుకొందురు. కాని ఒక మనిషి మనసులోని చెడుతలంపే, తాకకుండ, పలుకకుండ, మఱియొకరికి రోగము తేగలదను మాటను ఒప్పుకొనినవాడు గుమ్మమున బొమ్మ కట్టును. ఆ మాటనే ఒప్పుకొనినవాడు కఱ్ఱ పట్టును. మెట్లు దూరమైనను మెట్లవరుస ఒకటియే. మొదటి మెట్టుమీద నిలిచి చివరి మెట్టువానిని అనాగరికుడని నిందించుట న్యాయమా? సవరలు ఇంటిగోడలమీద మనుష్యులను, గుఱ్ఱములను, చెట్లను చిత్రించుట పితరుల ఆత్మలను ఆదరించుటకు. వారి గోడమీది బొమ్మ పిలుచుచున్నది; మన గుమ్మముమీది బొమ్మ తఱుముచున్నది.

ఈ యాచారములలో శాస్త్రమిమిడియున్నదనియు, నిమ్మకాయ వాసనకు పురుగులు పోవుననియు కొందఱు వాదింతురు. పురుగులకే యైనచో దానిని మురుగుకాలువ చెంత కట్టక లారీ ముందేల కట్టుదురు? వారము వారము నిమ్మకాయను మార్చు శ్రద్ధ బ్రేకులమీద నున్నచో ఘాటులో ప్రాణములు నిలుచును.

మఱికొందఱు తల్లి ప్రేమను చూపి మమ్ము నిరుత్తరులను చేయజూతురు. ఉప్పు, మిరపకాయలు త్రిప్పి దిష్టి తీయు చేతిలో ప్రేమయున్నదని మేమును ఒప్పుకొందుము. కాని ఆ సమయమున తల్లి నోట వచ్చు పేర్లు ఎవరివి? బిడ్డలు లేని పొరుగింటి యిల్లాలు, వీధి చివరి వితంతువు, మొన్న బిడ్డను ముద్దాడిన ముసలమ్మ. జ్వరముతో నున్న బిడ్డ ఆ పేర్లన్నియు వినుచుండును. మిరపకాయల ఘాటు గడియలో పోవును. ఆ పేర్లు ఆ బిడ్డ మనసులో నెన్నాళ్లుండును? వాడు పెద్దవాడైనప్పుడు ఎవరికి వెఱచును, ఎవరిని ద్వేషించును? ఇంతలో వైద్యునియొద్దకు పోవలసిన వేళ గడచిపోవుచుండుట వేఱొక నష్టము.

బొమ్మలను పగులగొట్టుడని మేము చెప్పము. బలవంతమున పీకిన బొమ్మ మఱునాడు మఱింత పెద్దకోరలతో వెలయును. చేనిలోని బొమ్మను చేనిలోనే యుండనిండు. గుమ్మమునందలి దానిని చూచి ఇది ఎవరిని చూచుచున్నదని ఇంటిల్లిపాదియు ఒక్కమారు ప్రశ్నించుకొనుడు. బిడ్డకు జ్వరము వచ్చినచో వైద్యుని పేరు తలపుడు, పొరుగువారి పేర్లు తలపకుడు. గృహప్రవేశమునాడు ఏ వితంతువు కంటికి వెఱచి యామెను పిలుచుట మానుదురో, ఆమెను ముందుగా పిలువుడు. ఆమె మన బిడ్డను ఎత్తుకొని బాగున్నాడనినప్పుడు ఆ మాటను దీవెనగా వినగలిగిన దినమున గుమ్మమునందలి బొమ్మకు పనియుండదు.