ఓడినవాడూ మనవాడే



స్వేచ్ఛ కోరినవారికి స్వేచ్ఛ లభిస్తే సంతోషమే. కాని అది వద్దన్న పొరుగువాడితో ఎలా మెలగాలి? ఆఫ్రికా ఖండానికి చెందిన మారిషస్ ద్వీపానికి పుట్టుకతోనే ఈ ప్రశ్న ఎదురైంది. ఆ దేశం మనకు పరాయిది కాదు. 19వ శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి ఓడలెక్కి, చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉంది.

1967 ఆగస్టు ఎన్నికలే అక్కడ స్వాతంత్ర్యంపై తీర్పు. శివసాగర్ రామ్‌గులామ్ గారి కూటమి గెలిచింది. అయితే నూటికి దాదాపు 44 మంది స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికే ఓటు వేశారు. భారతీయ సంతతి అధికంగా ఉన్న దేశంలో తమ గతి ఏమవుతుందోనని వారి భయం. వారిలో కథోలికులు ఎందరో ఉన్నారు. 1968 జనవరిలో రాజధాని పోర్ట్ లూయిస్‌లో క్రియోలులకూ ముస్లిములకూ మధ్య అల్లర్లు చెలరేగి ప్రాణాలు పోయాయి. మార్చి 12న జెండా ఎగిరింది. పంట చూస్తే చెరకు ఒక్కటే. యువకులకు పనులు లేవు. వేలమంది దేశం విడిచి వెళ్ళారు.

అప్పుడు గెలిచినవారు ఏం చేశారు? చట్టసభలో తగిన స్థానం దొరకని వర్గాలకు, ఓడిన అభ్యర్థుల నుండే ఎనిమిది స్థానాలు ఇచ్చే ఏర్పాటును రాజ్యాంగంలో నిలిపారు. 1969లో రామ్‌గులామ్ గారు తన ప్రత్యర్థి గేటన్ డువాల్‌ను ప్రభుత్వంలోకి ఆహ్వానించారు.

ఇందులో లోపాలు లేవా? ఉన్నాయి. ఆ ఎనిమిది స్థానాల పద్ధతి మనిషిని అతని వర్గానికే కట్టివేస్తుందని విమర్శ. 1971లో అత్యవసర పరిస్థితి విధించారు, ఎన్నికలు 1976 వరకు జరగలేదు. నాయకులు చేతులు కలిపినంత మాత్రాన ప్రజల నోరు మూయడం న్యాయం కాదు. అయినా ఓడినవాడికీ ఇంట్లో చోటుండాలన్న ఆలోచన మాత్రం గొప్పది.

ఆ నేలపై ఈ ఆలోచనకు ముందే ఒక సాక్షి ఉన్నాడు. 1841లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి గురువు జాక్ లావాల్, బానిసత్వం నుండి అప్పుడప్పుడే విడుదలైన పేదల మధ్య జీవించాడు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1979లో ఆయనను ధన్యునిగా ప్రకటించారు. ప్రతి సెప్టెంబరులో ఆయన సమాధి వద్దకు కథోలికులే కాదు, హిందువులూ ముస్లిములూ వస్తారు.

ఇక మన సంగతి చూద్దాం. నాగోల్, ఉప్పల్, నాచారం కాలనీల్లో ఎన్నో జిల్లాలవాళ్ళం పక్కపక్కనే ఉంటున్నాం. విచారణలో ఏదో ఒక విషయంపై అభిప్రాయాలు చీలుతాయి. మన మాట నెగ్గుతుంది. మరుసటి ఆదివారం పూజ తరువాత, మనకు ఎదురు చెప్పినవాడిని పలకరిస్తామా? తప్పించుకుని పోతామా?

నూరు గొర్రెలలో తప్పిపోయిన ఒక్కదాని కోసమే వెదకుతూ వెళ్ళిన కాపరి, నలభైనాలుగింటిని విడిచిపెడతాడా? గెలిచిన రోజున మనం ముందుగా తట్టవలసింది ఓడినవాడి తలుపునే.